ప్లాంటు బస్సు ఎక్కే ముందు పాపను ఎవరికి అప్పజెప్పాలి?

భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో తెల్లారుజామున ఐదున్నరకి రోడ్డు మీదికి వస్తే, రొయ్యలు ఒలిచి ఎగుమతికి సిద్ధం చేసే ప్లాంట్ల బస్సులు కనిపిస్తాయి. సెంటర్లో టీ కొట్టు ఇంకా పొయ్యి వెలిగించకముందే ఆడవాళ్లు క్యారేజీలు పట్టుకుని నిలబడి ఉంటారు. ఒకసారి ఉండి అనే ఊరి వైపు బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ఒకమ్మాయి చంకలో పిల్లతో ఉండగానే బస్సు వచ్చేసింది. వెనకాలే మెల్లగా నడుచుకుంటూ వచ్చిన అత్తగారి చేతికి పిల్లని ఇచ్చేసి, తిరిగి చూడకుండా ఎక్కేసింది. బస్సు మలుపు తిరిగాక కూడా పిల్ల ఏడుస్తూనే ఉంది.

"రోజూ ఇంతేనా అండీ?" అని అడిగాను.

"ఏం చేస్తామండి. దీనికి పద్నాలుగో నెల. నాకేమో మోకాళ్లు పనిచెయ్యవు, ఇది పరిగెడితే పట్టుకోలేను. నడుముకి పాత చీర ముక్క కట్టి, రెండో కొస మంచం కోడుకి కడతానండి. పాపం, ఆ మేరకే తిరుగుద్ది."

అప్పటినుంచి ప్రభుత్వ పత్రాల్లో లింగ సమానత్వం, సంరక్షణ సేవలు, వాణిజ్యం అనే మాటలు చదివినప్పుడల్లా నాకు ఆ మంచం కోడు గుర్తొస్తుంది. ఢిల్లీలో ఈ మూడూ మూడు ఫైళ్లు. పాప సంగతి మహిళా శిశు అభివృద్ధి శాఖది. తల్లి కూలీ, షిఫ్టు, పనిచోటులో సదుపాయాలు కార్మిక శాఖవి. ఆమె తొక్క ఒలిచే రొయ్య వాణిజ్య శాఖది, ఆ శాఖ కింద సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల కోసం ఎంపెడా అనే సంస్థే ఉంది. ఆ ఇంట్లో మాత్రం మూడూ ఒకటే విషయం. పాపను చూసే మనిషి దొరికితే ప్లాంటుకి వెళ్లడం, లేకపోతే మానెయ్యడం.

ముందు నిమిషాల లెక్క చూద్దాం. మనవాళ్లు రోజంతా ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తారో తెలుసుకోవడానికి జాతీయ గణాంక కార్యాలయం 2019లో మొదటిసారి దేశమంతా సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. మగవాళ్లయితే 97 నిమిషాలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ సగటు ఆ పని చేసేవాళ్ల మధ్య తీసింది. ఆడవాళ్లలో నూటికి 81 మంది ఇంటిపని చేస్తే, మగవాళ్లలో 26 మందే చేశారు. మిగతా మగవాళ్ల వాటా సున్నా.

అదే సర్వే 2024లో మళ్లీ చేశారు. ఆడవాళ్ల ఇంటిపని 289 నిమిషాలకి వచ్చింది. అయిదేళ్లలో తగ్గింది పది నిమిషాలు. గ్యాస్ వచ్చింది, మిక్సీ వచ్చింది, చాలా ఊళ్లలో కొళాయి వచ్చింది, అయినా పదే. ఇంతకీ మగవాళ్లది పెరిగిందా అంటే, 97 నుంచి 88కి తగ్గింది.

ఈ అంకె పక్కన ఇంకో అంకె పెడితే అసలు విషయం తెలుస్తుంది. పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో పని చేస్తున్నవాళ్లూ పని వెతుక్కుంటున్నవాళ్లూ కలిపి 2017-18లో 23.3 శాతం ఉంటే, 2023-24కి 41.7 శాతం అయ్యారు. ఆరేళ్లలో ఇది చాలా పెద్ద పెరుగుదల. కేంద్రం దీన్ని గొప్పగా చెప్పుకుంటోంది, నిజంగా చెప్పుకోవాల్సిన విషయమే. అయితే ఇంటిపని పెద్దగా తగ్గకుండా బయటిపని పెరిగిందంటే, ఆ గంటలు ఆడవాళ్ల నిద్రలోంచి, విశ్రాంతిలోంచి వచ్చినట్టే. పైగా ఈ పెరిగినవాళ్లలో చాలామంది సొంత పొలంలోనో, ఇంటి దుకాణంలోనో జీతం లేకుండా సాయం చేసేవాళ్లు. ప్లాంటు బస్సు ఎక్కే అమ్మాయికి కనీసం కూలీ అయినా చేతికి వస్తుంది.

ఇంటిపనికి విలువ కట్టడం మన కోర్టులకి కొత్త కాదు. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాదం కేసులో, చనిపోయిన గృహిణికి ఆదాయం ఎంతని లెక్కేసి పరిహారం ఇవ్వాలనే ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకి వచ్చింది. ధర్మాసనంలో ఉన్న మన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా ఒక అభిప్రాయం రాశారు. పైన చెప్పిన 299 నిమిషాలు, 97 నిమిషాల లెక్క అందులో ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే మా ప్రధాన పని అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 57.9 లక్షలు అని కూడా ఆయన ఎత్తిచూపారు. ఇంటిపనికి ఆర్థిక విలువ లేదన్న ఆలోచన తప్పని స్పష్టంగా రాశారు. ఆ తీర్పు చదివిన ప్రతిసారీ నాకు ఒకటే బాధ. మనిషి చనిపోయాక ఆమె పనికి వెల కట్టడం వచ్చిన మనకి, బతికుండగా కట్టడం రాలేదు.

ఇప్పుడు పాప దగ్గరికి వద్దాం. ఊళ్లో అంగన్‌వాడీ ఉంది కదా, అక్కడ వదలొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నేనూ ఆ పెద్దావిడని అదే అడిగాను. "మూడేళ్లు నిండాలండి" అంది.

ఆమె చెప్పింది నిజమే. 1975 అక్టోబరు 2న మొదలైన ఈ పథకంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు కేంద్రానికి వచ్చి కూర్చుంటారు, ఆటపాటలు, భోజనం అక్కడే. మూడేళ్లలోపు పిల్లలకి మాత్రం ఇంటికి సరుకు ఇస్తారు, బరువు తూస్తారు, టీకాల సంగతి చూస్తారు. రోజంతా వాళ్లని చూసుకునే ఏర్పాటు లేదు. ఇటు తల్లి వైపు చట్టం చూస్తే, 2017 సవరణ తర్వాత ప్రసూతి సెలవు 26 వారాలు. అదీ సంస్థ రికార్డుల్లో పేరు ఉన్నవాళ్లకే. సెలవు ఆరు నెలలకి అయిపోతుంది, అంగన్‌వాడీ మూడేళ్లకి మొదలవుతుంది. మధ్యలో రెండున్నరేళ్లు పాపకి ప్రభుత్వం లేదు. పాకే వయసు, నడక నేర్చే వయసు, చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకునే వయసు అదే. మంచం కోడుకి కట్టాల్సిన వయసూ అదే.

ప్రసూతి సెలవు దొరకని తల్లులకి ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకి 5,000 రూపాయలు ఇస్తారు. 2013 ఆహార భద్రత చట్టం మాత్రం ప్రతి గర్భిణికీ, బాలింతకీ 6,000కి తగ్గకుండా ఇవ్వాలని రాసింది. రెండో కాన్పుకి 6,000 ఇస్తారు, పుట్టింది ఆడపిల్ల అయితేనే.

మరి క్రెష్‌లు? చట్టంలో ఎప్పటినుంచో ఉన్నాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలంది. 2017 సవరణ 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకీ ఆ బాధ్యత పెట్టింది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఆ 50 లెక్క ఉంది. చిక్కల్లా లెక్కపెట్టడం దగ్గరే వస్తుంది. కిలోకి ఇంత అని మేస్త్రీ ద్వారా వచ్చే మనిషి పేరు రిజిస్టర్లో ఉండదు. రిజిస్టర్లో లేని తల్లికి పిల్ల కూడా ఉండదు.

ఇంకో చిక్కు గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు. సెలవు జీతం, క్రెష్ ఖర్చు మొత్తం యజమాని మీదే పెట్టాం. చిన్న సంస్థ నడిపేవాడు ఏమనుకుంటాడు? పెళ్లీడు అమ్మాయిని తీసుకుంటే రేపు ఖర్చు అనుకుంటాడు. చాలా దేశాల్లో ప్రసూతి జీతం బీమా నిధి నుంచో ప్రభుత్వ ఖజానా నుంచో వస్తుంది, అందుకని ఆడ మగ తేడా యజమానికి డబ్బు లెక్కగా కనపడదు. మన దగ్గర ఈఎస్ఐ అనే కార్మికుల బీమా పరిధిలో ఉన్నవాళ్లకి అలాంటి ఏర్పాటు ఉంది, మిగతావాళ్లకి లేదు. సమానత్వం కోసం తెచ్చిన చట్టమే ఉద్యోగం ఇవ్వకపోవడానికి సాకు కావడం నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించే విషయం.

కేంద్రం కొన్నేళ్లుగా మిషన్ శక్తి అనే మహిళల పథకం కింద పాల్నా పేరుతో అంగన్‌వాడీలకి క్రెష్‌లు జోడిస్తోంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలని తీసుకుంటారు. ఇది సరైన దారి, మనస్ఫూర్తిగా అంటున్నాను. 2025-26 నాటికి 17,000 పెట్టాలనేది లక్ష్యం. దేశంలో అంగన్‌వాడీలు దాదాపు 14 లక్షలు. అంటే లక్ష్యం పూర్తిగా చేరినా నూటికి ఒక కేంద్రానికి కాస్త పైన, అంతే. పైగా క్రెష్ నడిచేది రోజుకి ఏడున్నర గంటలు. ఐదున్నరకి బస్సెక్కి సాయంత్రం దిగే తల్లికి అది రెండు వైపులా పొట్టే.

ఒకప్పుడు ఇదే దేశం ఈ సమస్యని సూటిగా పట్టుకుంది. 2005 ఉపాధి హామీ చట్టంలో ఒక నిబంధన ఉండేది. పనిచోటికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకన్నా ఎక్కువ మంది వస్తే, ఒక ఆడమనిషిని వాళ్లని చూసుకోవడానికి పెట్టాలి, ఆమెకి మట్టి తవ్వినవాళ్లతో సమానంగా కూలీ ఇవ్వాలి. అమలు చాలాచోట్ల అంతంతమాత్రమే. అయినా ఆ వాక్యం ఎంత గొప్పదో చూడండి. పిల్లల్ని చూడటం మట్టి పనితో సమానమైన పని అని ఒక చట్టం ఒప్పుకుంది.

మిగతా చోట్ల అలా ఒప్పుకోలేదు. అంగన్‌వాడీ టీచరమ్మకి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. కేంద్రం లెక్క 2018 అక్టోబరు నుంచి నెలకి 4,500, ఆయాకి 2,250. పైన రాష్ట్రాలు కలుపుతాయి. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకి 2009లో పెట్టిన లెక్క నెలకి 1,000 రూపాయలు, అదీ పది నెలలకే. ఆశా కార్యకర్తలని 'స్వచ్ఛంద' కార్యకర్తలు అంటారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లకి అవార్డు ఇచ్చింది, ఉద్యోగి హోదా మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

మా వీధి చివర అంగన్‌వాడీలో ఒకసారి గంటసేపు కూర్చున్నాను. టీచరమ్మ ఒక చేత్తో పాపకి అన్నం పెడుతూ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని ఒక తల్లి మొహం ఫోటో తీస్తోంది. పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో మొహం సరిపోతేనే సరుకు ఇవ్వాలని 2025 జూలై నుంచి నియమం. నెట్ రాలేదు. వెలుతురు కోసం ఆ తల్లిని గుమ్మంలోకి, తర్వాత రోడ్డు మీదికి తీసుకెళ్లింది. మూడోసారికి పని అయింది. లోపల ఆరుగురు పిల్లలు పళ్లేల ముందు కూర్చుని ఎదురుచూస్తున్నారు. "ఈ టెన్షన్‌లో అ ఆలు ఎప్పుడు చెప్పమంటారండీ" అంది నాతో, కోపం కూడా లేకుండా.

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. అప్పటికి వాళ్లకి నెలకి 11,500, ఆయాలకి 7,000. జీతం పెంచాలి, గ్రాట్యుటీ ఇవ్వాలి అన్నారు. సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. జీతం అడిగితే స్వచ్ఛంద సేవ, సమ్మె చేస్తే అత్యవసర సేవ. ఈ రెండు మాటలూ ఒకే మనిషి గురించి ఒకే ప్రభుత్వం అనడం అన్యాయం, ఏ పార్టీ అధికారంలో ఉన్నా అంతే. గ్రాట్యుటీ విషయంలో 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు, గుజరాత్ నుంచి వచ్చిన ఒక కేసులో, గ్రాట్యుటీ చట్టం అంగన్‌వాడీలకి వర్తిస్తుందని తేల్చి చెప్పింది.

డబ్బు లేదా అంటే ఉంది. 2005-06 నుంచి కేంద్ర బడ్జెట్‌తో పాటు జెండర్ బడ్జెట్ అని ఒక పత్రం వస్తోంది. 2025-26లో అది 4.49 లక్షల కోట్లు, మొత్తం బడ్జెట్‌లో 8.86 శాతం. అయితే ఇది విడిగా పెట్టిన డబ్బు కాదు. ఉన్న పథకాల్లో ఆడవాళ్లకి చేరుతుందనుకున్న వాటాని ఏరి ఒకచోట చూపించే పట్టిక. పేదల ఇళ్ల పథకం లాంటి పెద్ద పద్దులు చేరిస్తే మొత్తం అమాంతం పెద్దదవుతుంది. ఇల్లు ఆమె పేరు మీద ఉండటం మంచిదే. ఆ ఇంట్లో పాపను ఎవరు చూస్తారన్నది వేరే పద్దు. అదే ఏడాది అంగన్‌వాడీ, పోషణ్ పథకాలన్నిటికీ కలిపి కేటాయించింది 21,960 కోట్లు.

ఇక మూడో ఫైలు, వాణిజ్యం. 2017 డిసెంబరులో బ్యూనస్ ఐరిస్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశం జరిగింది. వాణిజ్యంలో మహిళల ఆర్థిక సాధికారత మీద ఒక ప్రకటన తయారైంది, వందకి పైగా దేశాలు మద్దతు తెలిపాయి. మనం తెలపలేదు. ఆడవాళ్ల హక్కుల మీద వ్యతిరేకతతో కాదు, భయంతో. ఈరోజు లింగ సమానత్వం అంటారు, రేపు దాన్నే ప్రమాణంగా పెట్టి మీ సరుకు మాకొద్దంటారు అని. ఈ భయానికి చరిత్ర ఉంది. 1996లో సింగపూర్ సమావేశంలో కార్మిక ప్రమాణాలని వాణిజ్య నిబంధనల్లో కలపొద్దని మనలాంటి దేశాలు గట్టిగా వాదించాయి, ఆ విషయం అంతర్జాతీయ కార్మిక సంస్థకే వదిలారు. ధనిక దేశాలు నీతి పేరుతో మార్కెట్ మూసుకున్న సందర్భాలు లేకపోలేదు, కాబట్టి ఆ వాదనని కొట్టిపారెయ్యలేం.

2025 జూలై 24న బ్రిటన్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందంలో మాత్రం వాణిజ్యం, లింగ సమానత్వం అని ఒక అధ్యాయమే ఉంది. మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందాల్లో ఇలాంటిది ఇదే మొదటిది. ఎనిమిదేళ్లలో పెద్ద మార్పు. కానీ చదివితే అందులో ఉన్నది సహకారం, అనుభవాలు పంచుకోవడం, మహిళా వ్యాపారులకి ప్రోత్సాహం. ఒప్పందంలో మిగతా విషయాల మీద గొడవ వస్తే తీర్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది, ఈ అధ్యాయానికి అది వర్తించదు. పైగా దాని చూపు ఎక్కువగా వ్యాపారం నడిపే ఆడవాళ్ల మీద. ఎగుమతి సరుకుని చేత్తో తయారుచేసే ఆడవాళ్లు, అచ్యుతాపురం సెజ్‌లో బట్టలు కుట్టేవాళ్లు, మన రొయ్యలు ఒలిచేవాళ్లు, దాని అంచున మాత్రమే కనిపిస్తారు.

రొయ్య చిన్న విషయమేమీ కాదు. 2024-25లో దేశం నుంచి వెళ్లిన సముద్ర ఉత్పత్తుల విలువ 62,408 కోట్లు, అందులో శీతలీకరించిన రొయ్యలే 43,334 కోట్లు. రొయ్యల సాగులో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, కొనేవాళ్లలో అమెరికాది. చల్లటి నీళ్లలో నిలబడి, చేతులు మొద్దుబారుతుంటే తల తీసి, తొక్క ఒలిచి, నరం లాగి, కౌంట్ (సైజు) ప్రకారం వేరుచేసేది ఎక్కువగా ఆడవాళ్లు. 2024లో ఈ ప్లాంట్లలో పని పరిస్థితుల మీద అమెరికాలో ఆరోపణలు వచ్చాయి, మన ప్రభుత్వం ఖండించింది. 2025 ఆగస్టు 27న అమెరికా సుంకం 50 శాతానికి చేరింది, మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకాలు అప్పటికే ఉన్నాయి, వాటికి అది అదనం. తర్వాత ఆ సుంకాల చుట్టూ చర్చలు నడిచాయి. ఆ రోజుల్లో ఏ పేపర్ తిరగేసినా చెరువు రైతు గోడు ఉంది, ఎగుమతిదారు గోడు ఉంది. రెండూ నిజమైన గోడులే. ఆర్డర్లు తగ్గితే ప్లాంటు బస్సు రాదు, కిలోల లెక్కన కూలీ తీసుకునే మనిషికి ఆ రోజు సున్నా. ఆమె గోడు కోసం నేను చాలా వెతకాల్సి వచ్చింది.

ఆ నవంబరులో కేంద్రం 25,060 కోట్లతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్ ప్రకటించింది. రుణ సాయం, నాణ్యత ధ్రువపత్రాలు, బ్రాండింగ్, గిడ్డంగులు, రవాణా. అన్నీ కావలసినవే. సరుకు నిల్వ చెయ్యడానికి గిడ్డంగి ఎగుమతికి అవసరమని గుర్తించినవాళ్లకి, ఆ సరుకు ఒలిచే తల్లి బిడ్డకి ఒక గది కూడా ఎగుమతికి అవసరమేనని తట్టలేదు.

సంరక్షణని మనం ఎగుమతి కూడా చేస్తున్నాం. గోదావరి జిల్లాల నుంచి, రాజంపేట, రాయచోటి వైపు నుంచి ఎంతమంది ఆడవాళ్లు కువైట్ వెళ్లారో మనకి తెలుసు. అక్కడ వేరేవాళ్ల పిల్లలకి స్నానం చేయించి, వేరేవాళ్ల ముసలివాళ్లకి అన్నం తినిపిస్తారు. ఇక్కడ వాళ్ల పిల్లలు అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో పెరుగుతారు. ఆమె అక్కడ చేసే పనికి వచ్చే డబ్బు విదేశీ మారకంగా దేశ ఖాతాలోకి ఎక్కుతుంది. అదే పని ఇంట్లో చేసే అమ్మమ్మ ఏ ఖాతాలోనూ లేదు. బ్రిటన్ ఒప్పందంలో మన వంటవాళ్లకి, యోగా గురువులకి, శాస్త్రీయ సంగీత కళాకారులకి కలిపి ఏటా 1,800 మంది దాకా దారి అడిగి సాధించుకున్నాం. గల్ఫ్‌కి వెళ్లే ఇంటిపని మనిషి వాణిజ్య ఒప్పందాల్లో ఉండదు, ఆమె 1983 వలసల చట్టం కిందికి వస్తుంది. పదో తరగతి లేకపోతే ముప్పై ఏళ్లు నిండాలి, ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే వెళ్లాలి. కాపాడాలనే పెట్టారు. కానీ ఆ దారి ఆలస్యమైతే చాలామంది విజిట్ వీసా మీద ఏజెంట్ చేతిలో పడి వెళ్తున్నారు, అప్పుడు ఏ కాపుదలా ఉండదు. ఇంటిపనివాళ్ల హక్కుల కోసం 2011లో వచ్చిన అంతర్జాతీయ ఒడంబడిక 189ని మనం ఇంకా ఆమోదించలేదు. సొంత దేశంలో ఇంటిపనికి చట్టం లేనివాళ్లం కువైట్‌ని ఏ నోటితో అడుగుతాం? 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టం సంగతి పరిశీలించడానికి కమిటీ వెయ్యమని కేంద్రానికి చెప్పింది.

ఇన్ని ప్రాధాన్యాల్లో ముందు ఏది అని నన్నడిగితే, ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు పిల్లల్ని చూసే చోటు అంటాను. ఎగుమతి ప్లాంట్లు గుంపుగా ఉన్న భీమవరం, నెల్లూరు, కాకినాడ లాంటి చోట్ల అన్ని ప్లాంట్లకీ కలిపి క్రెష్‌లు పెట్టొచ్చు, ఉమ్మడి క్రెష్‌కి చట్టం ఒప్పుకుంటుంది. ఎగుమతి ప్రోత్సాహక డబ్బులోంచే ఆ ఖర్చు పెట్టాలి, ఒక్కో యజమాని నెత్తిన వెయ్యకూడదు. తలుపులు బస్సు టైముకి తెరుచుకోవాలి. అక్కడ పనిచేసే ఆయాకి గౌరవ వేతనం కాకుండా జీతం ఇవ్వాలి, లేకపోతే ఒకామె బరువు దింపి ఇంకొకామె మీద పెట్టినట్టవుతుంది.

మొన్న మళ్లీ ఆ ఊరు వెళ్లాను. పాపకి రెండున్నరేళ్లు వచ్చాయట. పెద్దావిడ అరుగు మీద కూర్చుని వేళ్లు లెక్కపెడుతోంది. "ఇంకో ఆర్నెల్లు ఓపిక పడితే అంగన్‌వాడీలో తీసుకుంటారండి" అంది. కోడలికి మళ్లీ నెల తప్పిందట.